ఖర్చు పిలిచే డబ్బు ఎవరిది?

సోలాపూర్ తెలుగువాళ్ళలో, హోట్గి రోడ్ కార్ఖానాల దగ్గర మొదలుకొని అశోక్ చౌక్ దాకా, ఎన్నికలు దగ్గరపడితే చాలు ఒక వాదన మొదలవుతుంది. అభ్యర్థి ముందు చేతిలోంచి తీసి ఖర్చు పెట్టాలట. బ్యానర్లు, జీపులు, గణపతి మండళ్ళకు డీజేలు, కార్యకర్తలకు రోజూ భోజనాలు కనబడాలట. అవి కనబడితే ‘ఈయన నిలబడతాడు’ అన్న నమ్మకం కలిగి నాలుగు దిక్కుల నుంచీ చందాలు వస్తాయట. ఖర్చు పెట్టనివాడికి ఎవరూ పైసా ఇవ్వరట. మగ్గం మీద బతికేవాళ్ళు, విడీలు (బీడీలు) చుట్టేవాళ్ళు ఎటూ ఇవ్వలేరు గనుక వాళ్ళను అడగడమే దండగట. చివరికి తేల్చేది ఏమిటంటే, పోటీ చేయాలనుకున్న కుర్రాడు ఇల్లు తాకట్టు పెట్టో, మగ్గాలు అమ్మో మొదటి ఖర్చు తానే పెట్టుకోవాలి.

ఈ మాట చెప్పేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చాలామంది మన కుర్రాళ్ళు గెలవాలని మనసారా కోరుకునేవాళ్ళే. అందుకే దీన్ని వదిలేయకుండా ఖండించాలి. ఈ సలహా విని అప్పులపాలైన కుటుంబాలు మన పేటల్లో ఉన్నాయి. గెలిచినా ఆ అప్పు చెల్లించడంలోనే ఐదేళ్ళూ గడిపి, జనానికి మొహం చూపించలేకపోయినవాళ్ళూ ఉన్నారు.

వాదనలో నిజం ఎంతో ముందు ఒప్పుకుందాం. ఖర్చు డబ్బును పిలుస్తుందన్నది పూర్తి అబద్ధం కాదు. అమెరికాలో దీని మీద దశాబ్దాలుగా పరిశోధన జరుగుతోంది. మహిళా అభ్యర్థులకు తోడ్పడటానికి 1985లో అక్కడ పుట్టిన ఎమిలీస్ లిస్ట్ అనే సంస్థకు పునాదే ఈ నమ్మకం: పోటీ మొదట్లోనే కాస్త డబ్బు అందితే, దాన్ని చూసి మరింత డబ్బు వస్తుంది. అక్కడ అది పనిచేయడానికి కారణం ఉంది. అక్కడ అభ్యర్థి పెట్టే ఖర్చులో ఒక భాగం జనాన్ని డబ్బు అడగడానికి పోతుంది. ప్రకటన వేస్తాడు, ఉత్తరం రాస్తాడు, ఫోన్ చేయిస్తాడు. వాటిలో చాలావాటి చివర ‘మీకు తోచినంత ఇవ్వండి’ అన్న అభ్యర్థన ఉంటుంది. ఒక మనిషి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికలో ఇంతకు మించి ఇవ్వకూడదన్న హద్దు ఉంది; 2023–24లో అది 3,300 డాలర్లు. ఒక అభ్యర్థికి మొత్తం మీద 200 డాలర్లు దాటి ఇచ్చినవాళ్ళ పేర్లు బయటపెట్టాలి. అంటే అక్కడ ఖర్చుకూ చందాకూ మధ్య ఒక దారి ఉంది, ఆ దారి నలుగురికీ కనబడుతుంది.

అక్కడ కూడా ఖర్చొక్కటే చాలదని 2020లో తేలిపోయింది. మైకేల్ బ్లూమ్‌బర్గ్ అధ్యక్ష పదవికి డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిత్వం కోసం సొంత సొమ్ము వంద కోట్ల డాలర్ల దాకా ఖర్చు చేశాడు. ఎవరినీ చందా అడగలేదు. చివరికి ఆయన నెగ్గింది అమెరికన్ సమోవా అనే చిన్న దీవులలో మాత్రమే.

మరి మన దగ్గర ఖర్చు దేనికి పోతుంది? ఇక్కడే మనవాళ్ళ వాదన కూలిపోతుంది. మన అభ్యర్థి పెట్టే ఖర్చులో ‘నాకు చందా ఇవ్వండి’ అని అడిగే ఖర్చు ఏదీ లేదు. బ్యానర్ చందా అడగదు. డీజే అడగదు. ఓటుకింత అని కవరులో పెట్టి పంచే నోటు అసలే అడగదు. అది ఇచ్చేవాడెవడో పుచ్చుకునేవాడెవడో తేల్చేస్తుంది. రాత్రి కవరు పుచ్చుకున్న ఇంటికి తెల్లారి వెళ్ళి చందా అడగగలిగినవాడు ఎవడూ లేడు. ఆ ఇంటి మనిషి దృష్టిలో అభ్యర్థి అప్పటికే ధనవంతుడు. ధనవంతుడికి చందా ఎందుకు?

2021 అక్టోబరులో తెలంగాణలోని హుజూరాబాద్ ఉపఎన్నిక గుర్తు చేసుకోండి. తమకు డబ్బు అందలేదని కొన్ని ఊళ్ళలో ఓటర్లు ఆందోళనకు దిగారని పత్రికలు రాశాయి. ఏడాది తర్వాత, 2022 నవంబరులో మునుగోడు. దేశంలోనే అత్యంత ఖరీదైన ఉపఎన్నికల్లో ఒకటని పత్రికలు రాసిన పోటీ అది. ఓడిన పక్షం అక్కడ పేదదేమీ కాదు. ఈ రెండు చోట్లా కనబడిన ఖర్చు ఓటర్లలో ఇచ్చే గుణాన్ని పెంచలేదు, అడిగే గుణాన్ని పెంచింది. కళ్ళెదుట జరిగిన ఈ సంగతిని చూశాక కూడా ‘ఖర్చు కనబడితే చందాలొస్తాయి’ అనడం ఎలా సాధ్యమో నాకు అర్థం కాదు.

అయినా డబ్బు వస్తుంది కదా, మేము చూశాం కదా అంటారు. వస్తుంది, కాదనను. ఎవరి దగ్గర నుంచి వస్తుందో అడగండి. నగరపాలిక పనుల మీద కన్నేసిన కాంట్రాక్టర్ దగ్గర నుంచి, ఖాళీ జాగా మీద రిజర్వేషన్ తొలగించుకోవాలన్న బిల్డర్ దగ్గర నుంచి, టికెట్ రాకముందే ఇద్దరు ముగ్గురు అభ్యర్థుల మీద డబ్బు పెట్టి ఉంచే పెద్ద వ్యాపారి దగ్గర నుంచి. ఆ ఖర్చు చూసి కదిలేది వీళ్ళే. అభ్యర్థి గెలుస్తాడా లేదా, గెలిస్తే తిరిగి ఇవ్వగలడా అన్నది తూచుకోవడానికి వాళ్ళకు ఆ ఖర్చు ఒక గుర్తు. వాళ్ళు ఇచ్చేదానికి రసీదు ఉండదు, కానీ గడువు ఉంటుంది. ఉజని డ్యామ్ నీళ్ళు ఈ నగరానికి వస్తాయి, అయినా ఏళ్ళ తరబడి నల్లా రోజూ రాలేదు. పైపులైను పని ఎవరికి దక్కింది, రోడ్డు మీద వేసిన తారు ఒక్క వానకే ఎందుకు లేచిపోయింది అని మనం నగరసేవక్‌ను, అంటే కార్పొరేటర్‌ను, అడిగితే ఆయన మొహం పక్కకు తిప్పుకోవడానికి కారణం చాలాసార్లు ఆ గడువే.

పెద్ద పోటీల్లో లెక్క ఎంతకు పోతుందో నాయకులే నోరు జారి చెప్పిన సందర్భాలున్నాయి. మన మహారాష్ట్రలోనే 2013లో బీజేపీ నాయకుడు గోపీనాథ్ ముండే, 2009 లోక్‌సభ ఎన్నికలో తాను 8 కోట్లు ఖర్చు చేశానని బహిరంగంగా అన్నారు. అప్పటి పరిమితి 25 లక్షలు. ఎన్నికల సంఘం నోటీసు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ అప్పటి స్పీకర్ కోడెల శివప్రసాదరావు 2016లో టీవీ ఇంటర్వ్యూలో, 2014 ఎన్నికకు తనకు 11 కోట్లకు పైగా అయిందన్నారు. అప్పుడు అసెంబ్లీ పరిమితి 28 లక్షలు. వీళ్ళిద్దరూ ఇప్పుడు లేరు; వాళ్ళ మీద నేరం మోపడానికి ఈ మాట ఎత్తడం లేదు. వాళ్ళు చెప్పిన అంకెలు విన్నప్పుడు దేశంలో ఎవరూ ఆశ్చర్యపోలేదు, అదీ నా బాధ. అంత సొమ్ము రెండు వందలు, అయిదు వందలుగా ఇళ్ళ నుంచి పోగవదు. అంత ఖర్చు చేయాలని అభ్యర్థి నిశ్చయించుకున్న రోజే, ఎవరి దగ్గర చేయి చాచాలో కూడా నిశ్చయమైపోతుంది. అతనికి చిన్న మనిషి అక్కర ఇక ఉండదు.

చట్టం ఈ దారికి తలుపులు తెరిచే ఉంచింది. ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ అభ్యర్థి ఖర్చుకు హద్దు పెట్టింది. పార్టీ ఖర్చుకు హద్దు లేదు. పార్టీ పెట్టిన ఖర్చును కూడా అభ్యర్థి లెక్కలో కలపాలని 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొద్ది రోజుల్లోనే ఆ తీర్పు పనిచేయకుండా ఆర్డినెన్సు తెచ్చారు. యాభై ఏళ్ళు దాటింది, ఆ కంత అలాగే ఉంది.

టికెట్ ఇచ్చే పార్టీలు కూడా ఇప్పుడు ‘ఎంత పెట్టుకోగలవు’ అన్న ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాయి. 2024లో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్, ఆంధ్రప్రదేశ్ లేదా తమిళనాడు నుంచి లోక్‌సభకు పోటీ చేయమని పార్టీ అడిగినా, అంత డబ్బు తన దగ్గర లేదని వద్దన్నానని చెప్పారు. అదే ఎన్నికలో ఒడిశాలోని పూరీ కాంగ్రెస్ అభ్యర్థి సుచరితా మొహంతి, ప్రచారానికి డబ్బు లేదని టికెట్ తిరిగి ఇచ్చేశారు. మనవాళ్ళు ఈ రెండు ఉదాహరణలనూ తమ వాదనకు సాక్ష్యంగా చూపిస్తారు. నేను మరోలా చదువుతాను. దేశ ఖజానా చూసుకునే మంత్రికే తలకు మించిన ఖర్చును ఆటనియమంగా ఒప్పుకున్నాక, మగ్గం నేసేవాడి కొడుకు ఇల్లు తాకట్టు పెట్టి ఆ ఆటలో గెలుస్తాడని ఏ ధైర్యంతో చెబుతున్నాం? 2024లో లోక్‌సభకు గెలిచిన 543 మందిలో 504 మంది కోటీశ్వరులని ఎన్నికల వివరాలు పరిశీలించే ఏడీఆర్ సంస్థ లెక్క తేల్చింది. ఆ పందెంలో తాకట్టు పెట్టిన ఇంటి విలువ ఎంత?

ఇక రెండో మాటకు వస్తాను. అసలు కోపం తెప్పించేది నాకు ఇదే: మన జనం ఇవ్వరు, ఇవ్వలేరు అన్న మాట.

ఈ నగరంలో పద్మశాలీలు ఏం కట్టుకున్నారో కళ్ళు తెరిచి చూడండి. మార్కండేయ సహకార ఆసుపత్రి సహకార పద్ధతిలో నిలబడింది, ఏ ఒక్క సేఠ్ దయతోనో కాదు. శ్రావణ పౌర్ణమికి మార్కండేయ రథోత్సవం వస్తే పేటపేటా కదులుతుంది. గణపతి మండళ్ళు ఇంటింటికీ తిరిగి వర్గణి (చందా) వసూలు చేస్తాయి. రసీదు పుస్తకం లేకుండా వస్తే ఇంటి ఆడవాళ్ళే నిలదీస్తారు. బళ్ళు, సంఘాలు, వసతి గృహాలు ఇలాగే వచ్చాయి. ఇవ్వడం మనకు కొత్త కాదు. నమ్మకం ఉన్నచోట, లెక్క చెప్పేచోట ఇస్తాం.

అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం నగరం పక్కనున్న కుంభారిలో ఉంది. విడీ కార్మిక స్త్రీల కోసం సీఐటీయూ కార్మిక సంఘం తరఫున ఉద్యమం నడిపిన ఆడం నర్సయ్య, మనందరి ఆడం మాస్టర్, పోరాడి సాధించిన గోదూతాయి పరులేకర్ కాలనీలో పది వేల ఇళ్ళున్నాయి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి వాటిని అప్పగించారు. ఆ తర్వాత అసంఘటిత కార్మికుల కోసం ముప్పై వేల ఇళ్ళ రే నగర్. అందులో మొదటి పదిహేను వేలు 2024 జనవరి 19న ప్రధాని మోదీ చేతుల మీదుగా అందాయి. ఈ ఇళ్ళు ఊరికే వచ్చినవి కావు. ప్రభుత్వాల సాయానికి తోడు కార్మికులు తమ వాటా తాము కట్టారు. వెయ్యి విడీలకు ఇంత అని కూలి తీసుకునే తల్లి, ఇల్లు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో కూడా, పైసా పైసా కూడబెట్టి కట్టింది. ఆమెను ‘ఇవ్వలేని మనిషి’ అనడం తప్పు లెక్క. అంతకన్నా ముఖ్యంగా అది ఆమెకు అవమానం.

ఇక్కడ ఎదురు ప్రశ్న ఒకటి తప్పక వస్తుంది. అంత చేసిన ఆడం మాస్టర్ ఓడిపోయారు కదా? నిజమే. 1978లో, 1995లో, 2004లో సోలాపూర్ నుంచి ఎమ్మెల్యే అయిన మనిషి, 2009 నుంచి పోటీ చేసిన ప్రతి అసెంబ్లీ ఎన్నికలోనూ ఓడారు. దీన్ని దాచి వాదించడం నాకు ఇష్టం లేదు. కానీ ఆ ఓటములను డబ్బు ఖాతాలోనే రాయడం చరిత్రను చిన్నది చేయడమే. 2009 ఎన్నికల నాటికి నియోజకవర్గాల హద్దులు మారాయి, సోలాపూర్ సిటీ సెంట్రల్ అనే కొత్త స్థానం వచ్చింది. అక్కడ కులం, మతం, పార్టీ గాలి, పలువురు బలమైన అభ్యర్థుల మధ్య ఓట్ల చీలిక, అన్నీ పనిచేశాయి. మాస్టర్‌ను ఓడించినవాళ్ళు గెలిచింది ఖర్చుతోనేనని ఎవరూ రుజువు చేయలేదు. భారీగా ఖర్చు పెట్టి ఓడిపోయినవాళ్ళూ ఉన్నారు. ఇంకొకటి అడుగుతాను: 1978లో, 95లో, 2004లో ఆయన గెలిచినప్పుడు ఈ నగరంలో డబ్బున్న పార్టీలు లేవా? కాంగ్రెస్ తరఫున మనవాళ్ళు గంగాధర్ కుచన్ 1980లో, 84లో, ధర్మన్న సాదుల్ 1989లో, 91లో లోక్‌సభకు గెలిచిన ఊరు ఇది. తెలుగువాళ్ళు ఇక్కడ ఒక్క దారిలోనే గెలవలేదు.

మాస్టర్ పార్టీ సీపీఎం గనుక, వామపక్షాల గురించి ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. ఇచ్చినవాళ్ళ పేరు బయటపడకుండా పార్టీలకు చందా ఇచ్చే ఎలక్టోరల్ బాండ్లను సీపీఎం తీసుకోలేదు, వాటిపై సుప్రీంకోర్టుకు వెళ్ళినవాళ్ళలో ఆ పార్టీ ఒకటి. కానీ 2019 లోక్‌సభ ఎన్నికలప్పుడు తమిళనాడులో డీఎంకే తన మిత్రపక్షాలకు ఇచ్చిన సొమ్ములో సీపీఎంకు పది కోట్లు, సీపీఐకి పదిహేను కోట్లు ముట్టాయని డీఎంకే లెక్కలే చెప్పాయి. ఖర్చు పెరిగితే సభ్యత్వ రుసుముతో బతికే పార్టీ కూడా పెద్ద చేతి వైపు చూడాల్సి వస్తుంది. నా వాదనకు ఇది ఎదురు కాదు, బలం.

ఆ బాండ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2018 జనవరిలో వచ్చిన ఆ పథకాన్ని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టివేసింది. మార్చిలో స్టేట్ బ్యాంక్ ఇచ్చిన వివరాలు బయటికి వచ్చాక, హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ ఒక్కటే 966 కోట్ల బాండ్లు కొన్నదని తెలిసింది. ప్రాజెక్టులు కట్టే కంపెనీ అది. ఆ వివరాల ప్రకారం బాండ్లలో బీజేపీకి దాదాపు ఆరు వేల కోట్లు, తెలంగాణలో 2023 దాకా అధికారంలో ఉన్న బీఆర్‌ఎస్‌కు 1,200 కోట్లకు పైగా వచ్చాయి. ఖర్చు ఎక్కువ పెట్టేవాళ్ళ దగ్గరికి ఎవరి డబ్బు నడిచి వస్తుందన్న ప్రశ్నకు జవాబు కోర్టు ఆజ్ఞతోనే బయటికి వచ్చింది.

చిన్న చందాకు మాత్రం చట్టంలో చోటు తక్కువ. పార్టీకి బ్యాంకు ద్వారా ఇస్తే ఇచ్చినవాడికి ఆదాయపు పన్నులో (పాత విధానం ఎంచుకుంటే) మినహాయింపు ఉంది. నేరుగా అభ్యర్థికి ఇస్తే లేదు. పన్ను కట్టేంత ఆదాయమే లేని మగ్గం కార్మికుడికి పార్టీకిచ్చినా ఆ మినహాయింపు వల్ల లాభం లేదు. అతను ఇస్తే నమ్మకంతోనే ఇవ్వాలి. ఆ నమ్మకాన్ని కవర్ల పంపిణీతో కాల్చేసి, ఆ తర్వాత జనం ఇవ్వరని అనడం అన్యాయం.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. 2022 నుంచి మహారాష్ట్ర, ఆంధ్ర, తెలంగాణల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. సోలాపూర్ సిటీ సెంట్రల్‌లో ఓటర్లు మూడు లక్షలకు పైగా. చట్టం ఒప్పుకునే మొత్తం ఖర్చు పెట్టినా ఓటరుకు పద్నాలుగు రూపాయలు దాటదు. ఇరవై వేల ఇళ్ళు తలా రెండు వందలిస్తే ఆ 40 లక్షలూ వచ్చేస్తాయి, ఒక్క కాంట్రాక్టర్ గుమ్మం ఎక్కనక్కరలేదు. ఇరవై వేల ఇళ్ళంటే అసాధ్యమా? కుంభారిలో అంతకు మించిన సంఖ్యలో కుటుంబాలు తమ వాటా కట్టి చూపించాయి. నగరసేవక్ పోటీకి కావలసింది ఇంకా ఎంతో తక్కువ.

డబ్బు ముందు పోగుచేసి, ఖర్చు తర్వాత పెట్టిన పద్ధతి ఈ దేశానికి తెలుసు. మన తెలుగు గడ్డ మీదే దానికి తీర్మానం జరిగింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ, జూన్ 30లోపు తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, ఇరవై లక్షల చరఖాలు అని లక్ష్యం పెట్టుకుంది. సభ్యత్వం నాలుగణాలు. నిధి కోటి చేరింది. అందులో బొంబాయి వర్తకుల పెద్ద విరాళాలున్నాయి, దాన్ని కాదనలేం. కానీ నాలుగణాలు ఇచ్చినవాడు ఆ రోజు నుంచి ఉద్యమానికి యజమాని అయ్యాడు. ఇంట్లో చరఖా పెట్టాడు, విదేశీ బట్ట తగలబెట్టాడు. మనకు కావలసిన చందా అలాంటిది. ఇచ్చినవాడు రెండు వందలతో పాటు తన ఆదివారం ఇస్తాడు, తన వీధి ఇస్తాడు, పోలింగ్ రోజు పక్కింటి ముసలమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొస్తాడు. బ్యానర్ కింద పెట్టిన డబ్బు ఇవేవీ తేలేదు.

అందుకే మన పేటల్లో రేపు పోటీ చేయబోయే కుర్రాళ్ళకు నేను మనసారా చెప్పేది ఇది. ఇల్లు తాకట్టు పెట్టకండి. నామినేషన్‌కు ఏడాది ముందే రసీదు పుస్తకం పట్టుకుని కార్ఖానాల గేట్ల దగ్గరికి, విడీ బ్రాంచీల దగ్గరికి వెళ్ళండి. ఎంత వచ్చిందో ప్రతి వారం వీధి బోర్డు మీద రాయండి. వచ్చినదాంట్లోనే ఖర్చు పెట్టండి. చందా రాకపోతే, ఆ వీధికి మీరింకా తెలియదని అర్థం. అప్పు తెచ్చి ఆ ఖాళీ పూడ్చలేరు. నామినేషన్‌కు ముందు తెరవాల్సిన ప్రత్యేక బ్యాంకు ఖాతా ద్వారానే ఆ డబ్బంతా నడిపించండి.

ఖర్చు చూసి నమ్మకం పెంచుకోమని మనకు సలహా ఇచ్చే పెద్దలకు కూడా ఒక విన్నపం. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో నిలబడిన ప్రతి అభ్యర్థీ ఫలితం వచ్చిన ముప్పై రోజుల్లో తన లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఆ లెక్కలో ఎంత ఖర్చయిందో కాక, డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే పేజీ కూడా ఉంటుంది: సొంతం ఎంత, పార్టీ ఇచ్చింది ఎంత, ఇతరులు ఇచ్చింది ఎంత. 1961 ఎన్నికల నిర్వహణ నియమాల ప్రకారం ఎవరైనా ఒక్క రూపాయి రుసుము కట్టి ఆ లెక్క చూడవచ్చు. సోలాపూర్ కలెక్టర్ కచేరీకి వెళ్ళి, గెలిచినవాళ్ళవీ ఓడినవాళ్ళవీ ఆ పేజీలు తెరిచి, మనవాళ్ళ పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రండి. ఆ తర్వాత మాట్లాడుకుందాం.